ఇన్‌స్టాగ్రామ్‌ను కళాచరిత్ర దృష్టితో చదవడం: పాత చిత్రాలతో పోలిక ఎంతవరకు నిలుస్తుంది?

కుంచెగీత (ప్రశ్న)

నమస్కారం. నేను చిత్రకళ డిగ్రీ విద్యార్థులకు కళాచరిత్ర బోధిస్తున్నాను. ఫొటోలు పంచుకునే సామాజిక మాధ్యమాలను, ముఖ్యంగా ఇన్‌స్టాగ్రామ్‌ను, కళాచరిత్ర దృష్టితో పరిశీలించి వ్యాసం రాయమని ఈ సెమిస్టరులో విద్యార్థులను అడిగాను. పిల్లలు శ్రద్ధగానే రాశారు. అయితే దాదాపు అందరూ ఒకే పద్ధతిని పట్టుకున్నారు. పేజీకి ఎడమ వైపున ఒక పాత చిత్రం, కుడి వైపున దానిని పోలిన ఒక ఫొటో, కింద ఆ రెండింటి సామ్యాన్ని వివరించే రెండు పేరాలు. భోజనం ఫొటో పక్కన డచ్చి నిశ్చలచిత్రం (బల్ల మీది పాత్రలు, పండ్ల వంటి కదలని వస్తువుల చిత్రం), సెల్ఫీ పక్కన డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ స్వీయచిత్రం, కొండ అంచున వీపు కనబడేలా నిలబడిన యాత్రికుడి ఫొటో పక్కన జర్మన్ చిత్రకారుడు కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిష్ సుమారు 1818లో గీసిన పొగమంచు చిత్రం.

ఈ పోలికలు తప్పని నేను అనడం లేదు. డచ్చి చిత్రకారుడు విల్లెం క్లాస్ హేడా 1635లో గీసిన నిశ్చలచిత్రం ఒకటి ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియంలో ఉంది. అందులో తెల్లని బల్లగుడ్డ ఒక పక్కకు నలిగి ఉంటుంది, వెండి పాత్ర ఒకటి పక్కకు ఒరిగి పడి ఉంటుంది, సగం ఒలిచిన నిమ్మకాయ తొక్క మెలికలు తిరుగుతూ బల్ల అంచు దాటి కిందికి వేలాడుతుంది, గాజు పాత్ర పొట్ట మీద కిటికీ వెలుగు చిన్న తునకగా మెరుస్తుంది. ఎవరో అప్పుడే తిని లేచి వెళ్లినట్టు కనిపించే ఆ చిందరవందర నిజానికి ఎంతో లెక్కగా అమర్చినది. నేటి భోజనం ఫొటోలో పళ్లెం పక్కన యథాలాపంగా పడినట్టుండే కొత్తిమీర రెబ్బ, సగం మడిచి వదిలేసిన రుమాలు చేసే పని కూడా అదే. విద్యార్థులు ఇంతవరకు బాగా గమనించారు. ఆ తరువాతి అడుగు ఏమిటన్నదే నా ప్రశ్న.

రూపసామ్యాన్ని దాటి ఇన్‌స్టాగ్రామ్‌ను చదవడానికి కళాచరిత్ర వద్ద ఏ పనిముట్లు ఉన్నాయి? ఏ కాలాన్ని, ఏ వస్తువును పక్కన పెట్టి చూస్తే మనకు ఇదివరకు తెలియని సంగతి తెలుస్తుంది? తెలుగు ప్రాంతపు ఉదాహరణలు బలవంతం లేకుండా వచ్చి చేరగలిగితే మరీ సంతోషిస్తాను.

పాత నెగెటివ్

కుంచెగీత గారూ, మీరు హేడాతో మొదలుపెట్టారు కాబట్టి నేనూ అక్కడి నుంచే వస్తాను. ఆ చిత్రంలో ఏముంది అని కాక, దానికి డబ్బు ఎవరు ఇచ్చారు, అది ఎవరి గోడకు చేరింది, దానిని ఎవరు ఎంతకాలం చూశారు అని అడిగితే విద్యార్థుల పోలిక వెంటనే పలచబడుతుంది. ఆ కాలపు హాలండులో చిత్రకారుడు చాలావరకు బహిరంగ విపణి కోసం గీసేవాడు, కొన్నవాడు దానిని ఇంటిలో తగిలించుకుని ఏళ్ల తరబడి చూసేవాడు. బల్ల మీద కనిపించే పాత్రలు కొన్నవాడి సొంత సామాను కానవసరం లేదు. హేడా చిత్రాలను వరుసగా చూస్తే అవే పాత్రలు ఒక చిత్రం నుంచి మరొక చిత్రానికి నడిచి వెళ్లడం తెలుస్తుంది. అంటే "ఇది నేను తిన్న భోజనం, చూడండి" అనే మాట ఆ చిత్రంలో లేదు. భోజనం ఫొటోలో మాత్రం ఆ మాటే ప్రాణం.

ఇక పోలిక నిలిచే చోటు వేరే ఉంది. అదే కాలపు డచ్చి చిత్రకారుడు పీటర్ క్లాస్ 1627లో గీసిన విందు చిత్రంలో, ఈకలతో సహా నిలబెట్టిన టర్కీ కోడి వంటకం పక్కన చైనా పింగాణీ గిన్నె ఉంటుంది, సముద్రపు గుల్లతో చేసిన పానపాత్ర ఉంటుంది. అవన్నీ దూరదేశాల నుంచి ఓడలలో వచ్చినవి, చూసేవాడికి ఆ సంగతి తెలుసు. ఆ ఓడల వెనుక ఉన్న సంపదలో మన తీరానికి కూడా పాలుంది. 1602లో ఏర్పడిన డచ్చి ఈస్టిండియా కంపెనీ ఆ దశకంలోనే మచిలీపట్నంలో వర్తకస్థావరం పెట్టింది. ఇక్కడి నేతగాళ్ల నూలు బట్టలను కొని ఆగ్నేయాసియాకు తీసుకువెళ్లి, వాటికి బదులుగా మసాలా దినుసులు తీసుకునేది. కాబట్టి విద్యార్థులను రెండు పళ్లేల పోలికలు వెదకమనడం కంటే, ఫొటోలోని ప్రతి వస్తువూ ఆ బల్ల మీదికి ఏ దారిన వచ్చింది, దానిని అక్కడ చూపడం ఏ వర్గానికి గౌరవంగా తోస్తుంది అని అడగమంటే ఎక్కువ ఫలితం ఉంటుందని నా నమ్మకం.

అయితే నా అసలు అభిప్రాయం వేరు. ఇన్‌స్టాగ్రామ్‌కు పూర్వీకుడిని వెదకవలసిన చోటు తైలవర్ణ చిత్రాల గది కాదు, 19వ శతాబ్దపు ఫొటో స్టూడియో. పారిస్‌లో ఆంద్రే అదోల్ఫ్ యూజేన్ దిస్దేరీ అనే ఫొటోగ్రాఫరు 1854లో ఒక పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఒకే గాజు ఫలకం మీద అనేక చిన్న ముఖచిత్రాలను తీసి, కాగితం మీద ముద్రించి, ముక్కలుగా కోసి, విజిటింగ్ కార్డు పరిమాణంలో ఉన్న అట్ట మీద అంటించడం ఆ పద్ధతి. దానిని కార్త్ ద విజిత్ అన్నారు. ధర బాగా తగ్గింది. 1860లలో జనం వాటిని ఇచ్చిపుచ్చుకోవడం, పోగుచేయడం, కార్డు దూరడానికి సరిపోయే జేబులున్న ఆల్బములలో అమర్చుకోవడం ఒక వెర్రిగా సాగింది. లండనులో మేయల్ అనే ఫొటోగ్రాఫరు తీసిన విక్టోరియా రాణి కుటుంబపు కార్డులు 1860లో విపణిలోకి వచ్చాక, రాణిగారి బొమ్మ, నటి బొమ్మ, సొంత మేనత్త బొమ్మ ఒకే ఆల్బంలో, ఒకే పరిమాణంలో, పక్కపక్కన చేరాయి.

నేను ఇక్కడ ఆగి నొక్కి చెప్పదలచుకున్నది ఆ ఒకే పరిమాణం గురించే. అంతకు ముందు రాజు చిత్రం గోడంత, దుకాణదారుడి చిత్రం, ఉంటే, అరచేయంత. కార్డు వచ్చాక చట్రం అందరికీ ఒక్కటే అయింది. ఇన్‌స్టాగ్రామ్ 2010 అక్టోబరులో మొదలైనప్పుడు చతురస్రాన్ని తప్పనిసరి చేసింది, 2015 ఆగస్టులో గాని ఇతర కొలతలను అనుమతించలేదు. ఆ అయిదేళ్లలో ప్రపంచ ప్రసిద్ధుడికీ పదిమంది మిత్రులున్న విద్యార్థికీ ఒకే గడి దక్కింది. చట్రం సమానమైనప్పుడు తేడా చూపవలసిన భారం అంతా గడి లోపలి అలంకరణ మీద పడుతుంది. దిస్దేరీ తరహా స్టూడియోలలో అదే జరిగింది. ఫొటో తీయించుకునే గుమాస్తా వెనుక అట్టతోనో కర్రతోనో చేసిన రాతిస్తంభం, బరువైన తెర, రంగులు వేసిన ఉద్యానవనం నిలబెట్టేవారు. ఆ స్తంభమూ తెరా వాన్ డైక్ వంటి చిత్రకారులు ప్రభువుల నిలువెత్తు చిత్రాలలో వాడినవే. తరువాత అవే మన ఊళ్ల స్టూడియోల వెనుక తెరల దాకా వచ్చాయి. నేడు ఫొటోలు బాగా పడాలని కాఫీ హోటలు యజమాని కట్టించే ఇటుక గోడను, ఆకుల గోడను ఆ వరుసలో చివర పెట్టి చూడండి.

తెలుగు ప్రాంతం గురించి అడిగారు కదా, సికింద్రాబాదులో 1880లలో స్టూడియో నెలకొల్పి, ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ముసవ్విర్ జంగ్ బిరుదు పొందిన లాలా దీన్‌దయాళ్ కంటే సహజమైన ఉదాహరణ లేదు. ఆయన 1892లో హైదరాబాదులో స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక జెనానా స్టూడియో తెరిచారు. పరదా పాటించే స్త్రీలు పురుషుల కంటబడకుండా ఫొటో తీయించుకునేందుకు, ఒక ఆంగ్ల మహిళ నిర్వహణలో అది నడిచింది. ఫొటో తీయడం ఎవరి చేతిలో ఉండాలి, తీసిన తరువాత దానిని ఎవరెవరు చూడవచ్చు అనే రెండు ప్రశ్నలనూ ఆ స్టూడియో కట్టడంలోనే పరిష్కరించవలసి వచ్చింది. ఈనాడు అమ్మాయిలు ఖాతాను ప్రైవేటుగా ఉంచుకోవడం, దగ్గరివారి కోసం వేరొక జాబితా పెట్టుకోవడం గురించి రాసే విద్యార్థి ఎవరైనా ఉంటే ఈ స్టూడియో నుంచి మొదలుపెట్టమనండి.

సరస్సుగట్టు

పాత నెగెటివ్ గారు స్టూడియో లోపలి సంగతి చెప్పారు కనుక నేను ఆరుబయటి సంగతికే పరిమితమవుతాను. యాత్రల ఫొటోలకు ఫ్రీడ్రిష్ సరైన జోడీ కాదు. ఆ చిత్రంలో వీపు తిప్పి నిలబడిన మనిషి ఎవరో మనకు అక్కరలేదు. చూసేవాడు అతని స్థానంలో తనను ఊహించుకోవడానికే ముఖం దాచారు. ఇన్‌స్టాగ్రామ్‌లో వీపు తిప్పిన మనిషి ఎవరో ఖాతా పేరే చెబుతుంది, "నేను ఇక్కడికి వచ్చాను" అన్నదే అక్కడ విషయం. ఆ మాటకు యూరోపు చిత్రకళలో వేరే ఆధారం ఉంది. యాన్ వాన్ ఐక్ 1434లో ఆర్నోల్ఫీని దంపతుల చిత్రంలో, గోడ మీది కుంభాకార దర్పణానికి పైన, తాను ఇక్కడ ఉన్నానని సంవత్సరంతో సహా రాసుకున్నాడు.

యాత్రల ఫొటోలకు నిజమైన పూర్వరంగం 18వ శతాబ్దపు ఇంగ్లండు. అప్పట్లో ప్రకృతి దృశ్యాలు చూడడానికి బయలుదేరే సంపన్నులు జేబులో ఒక చిన్న అద్దం పెట్టుకునేవారు. దానికి 17వ శతాబ్దపు చిత్రకారుడు క్లోడ్ లోరాన్ పేరు మీద క్లోడ్ అద్దం అని పేరు. అది కొద్దిగా ఉబ్బెత్తుగా, నల్లని రంగు పూసి ఉండేది. దృశ్యానికి వీపు తిప్పి నిలబడి, చేతిలో అద్దం పట్టుకుని, అందులో కనిపించే ప్రతిబింబాన్ని చూసేవారు. విశాలమైన లోయ అరచేతిలోకి కుదించుకుపోయేది, రంగులు మెత్తబడి పాత తైలవర్ణ చిత్రపు ఛాయలోకి దిగేవి, అంచులు చీకటిలో కలిసిపోయేవి. కవి థామస్ గ్రే 1769లో ఇంగ్లండు వాయవ్యాన ఉన్న సరస్సుల ప్రాంతంలో తిరుగుతూ, అద్దం చేత పట్టుకుని నడుస్తుండగా బురద దారిలో వెల్లకిలా పడి వేలి కణుపులు గాయపరచుకున్నట్టు తన యాత్రాలేఖలో రాశాడు.

అద్దం ఒక్కటే కాదు, నిలబడవలసిన చోటు కూడా నిర్ణయమైంది. థామస్ వెస్ట్ 1778లో ఆ సరస్సుల ప్రాంతానికి ప్రచురించిన యాత్రాదర్శినిలో, ఏ సరస్సును ఏ గట్టు మీద, ఏ చెట్టు పక్కన నిలబడి చూడాలో 'స్టేషన్ల' పేరుతో సూచించాడు. విండర్‌మియర్ సరస్సు పడమటి గట్టున క్లైఫ్ అనే చోట 1790లలో అటువంటి ఒక స్టేషను మీద ఏకంగా భవనం కట్టారు. దాని పై అంతస్తు కిటికీలకు రంగుటద్దాలు బిగించారు. లేత ఆకుపచ్చ అద్దంలోంచి చూస్తే వసంతం, పసుపు అద్దంలోంచి వేసవి, నారింజ అద్దంలోంచి ఆకురాలు కాలం, ముదురు నీలంలోంచి వెన్నెల రాత్రి. ఇన్‌స్టాగ్రామ్ తొలినాళ్ల ఫిల్టర్ల గురించి నేను చదివిన ఏ వివరణ కంటే ఈ కిటికీ నాకు ఎక్కువ చెప్పింది. ఎందుకంటే అక్కడ మూడు పనులు ఒకే గదిలో జరిగాయి: చూడవలసిన చోటును ఎవరో ముందే ఎంచి పెట్టడం, చూపుకు చట్రం బిగించడం, కాలాన్ని రంగుతో మార్చడం. ఇన్‌స్టాగ్రామ్ ఫిల్టర్లలో ఒకదానికి '1977' అనే పేరు పెట్టడాన్ని, ఈరోజు మధ్యాహ్నం తీసిన ఫొటోకు వెలిసిన ఫిల్ము రంగు పూయడాన్ని ఈ వెలుగులో చూస్తే, అది వట్టి అలంకారం కాదని, అప్పుడే జరిగినదానిని అప్పుడే జ్ఞాపకంగా మార్చే ప్రయత్నమని అర్థమవుతుంది.

దీనికి పర్యవసానం కూడా ఉంది. ఇంగ్లండులో ఆ అభిరుచి ముదిరాక, చిత్రంలా కనిపించే చోట్లే చూడదగిన చోట్లుగా మిగిలాయి. చిత్రంలా కనిపించే దృశ్యాల గురించి రాసిన విలియం గిల్పిన్ వంటివారి రచనలు చదివిన యాత్రికులు పంటపొలాలను, బాగా దున్నిన నేలను అందం లేనివిగా లెక్కించడం నేర్చుకున్నారు. ఒక ఊరికి వెళ్లినవారందరూ ఒకే మెట్టు మీద నిలబడి ఒకే ఫొటో ఎందుకు తీసుకుంటున్నారో, పక్క వీధి ఏ ఫొటోలోనూ ఎందుకు కనబడదో పరిశీలించడం మీ విద్యార్థులు చేయదగిన పని.

గోడమేకు

పై ఇద్దరి సమాధానాలూ విలువైనవే. కానీ ఇద్దరూ బొమ్మ తయారయ్యే చోటు దగ్గరే ఆగారు. కార్డుల ఆల్బంతో పోలిక విషయంలో నాకు స్పష్టమైన భేదాభిప్రాయం ఉంది. ఆల్బంలో ఏ కార్డు పక్కన ఏ కార్డు ఉండాలో ఇంటివారు నిర్ణయించేవారు. ఇన్‌స్టాగ్రామ్ ఫీడులో ఆ నిర్ణయం చూసేవాడిదీ కాదు, తీసినవాడిదీ కాదు. 2016 దాకా ఫొటోలు పెట్టిన సమయం ప్రకారం వరుసగా వచ్చేవి. ఆ తరువాత ఎవరికి ఏది ముందు చూపాలో కంపెనీ అల్గారిథం నిర్ణయించసాగింది. కళాచరిత్రలో దీనికి సమానమైనదాన్ని వెదకాలంటే ప్రదర్శనశాల గోడ వైపు చూడాలి.

పారిస్‌లో 1737 నుంచి క్రమబద్ధంగా జరిగిన, సలాన్ అనే బహిరంగ చిత్రప్రదర్శనలలో, లూవ్ర్‌లోని పెద్ద గదిలో గోడలను నేల దగ్గర నుంచి పైకప్పు దాకా చిత్రాలతో నింపేవారు. ఏది ఎక్కడ తగిలించాలో నిర్ణయించే పనికి ఒక అధికారి ఉండేవాడు. నిశ్చలచిత్రాలకు పేరుపొందిన షార్దాన్ చాలా ఏళ్లు ఆ పని చేశాడు. లండనులో రాయల్ అకాడమీ ప్రదర్శన జరిగే సోమర్సెట్ హౌస్ గోడ మీద సుమారు 8 అడుగుల ఎత్తున ఒక పట్టీ ఉండేది. దానిని 'లైన్' అనేవారు. దానికి దగ్గరలో చోటు దక్కిన చిత్రం జనం కంట్లో పడుతుంది, పైకప్పు దగ్గరకు పోయినది పోయినట్టే. 1784లో రాకుమార్తెల చిత్రాన్ని తాను కోరిన ఎత్తులో తగిలించనన్నారని చిత్రకారుడు గెయిన్స్‌బరో తన చిత్రాలన్నిటినీ వెనక్కి తీసుకున్నాడు, ఆ తరువాత ఆ ప్రదర్శనలో మళ్లీ పాల్గొనలేదు.

గోడ మీద పోటీ బొమ్మను ఎలా మారుస్తుందో చూపే సంఘటన ఆ ప్రదర్శనలోనే 1832లో జరిగింది. టర్నర్ గీసిన బూడిదరంగు సముద్రచిత్రం పక్కనే కాన్‌స్టబుల్ గీసిన వాటర్లూ వంతెన ప్రారంభోత్సవ చిత్రాన్ని తగిలించారు. ప్రదర్శనకు ముందు చిత్రకారులు వచ్చి తుది మెరుగులు దిద్దుకునే రోజులలో, కాన్‌స్టబుల్ తన చిత్రంలోని పడవల మీద ఎర్రని రంగు ఇంకా ఇంకా దట్టిస్తున్నాడు. టర్నర్ కాసేపు ఒకదానినీ మరొకదానినీ మార్చి మార్చి చూసి, తన బూడిదరంగు సముద్రం మధ్యలో నాణెం కంటే కాస్త పెద్దదైన ఎర్రని చుక్క ఒకటి పెట్టి, ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయాడు. టర్నర్ వచ్చి తుపాకీ పేల్చి వెళ్లాడని కాన్‌స్టబుల్ అన్నాడట. ఆ తరువాత టర్నర్ ఆ చుక్కను ఓడలకు దారి చూపేందుకు సముద్రం మీద తేలే గుర్తుగా (బోయాగా) తీర్చిదిద్దాడు. ఆ ఎర్రచుక్క సముద్రం కోసం పుట్టలేదు, పక్కనున్న చిత్రం కోసం పుట్టింది. బొటనవేలు ఆగకుండా కదులుతున్న తెర మీద ఒక్క క్షణం ఆపగలిగేలా ఫొటోలో రంగు పెంచడం, ముఖాన్ని దగ్గరగా తేవడం, రీలు తొలి క్షణంలోనే అరవడం ఈ కోవకు చెందినవే.

తేడా కూడా చెప్పాలి. గెయిన్స్‌బరో ఎవరితో పోట్లాడాలో అతనికి తెలుసు. చిత్రాలు తగిలించే సంఘానికి సభ్యులు ఉన్నారు, వారికి ఉత్తరం రాయవచ్చు, జనం గోడను చూసి అన్యాయం జరిగిందో లేదో తామే తేల్చుకోవచ్చు. ఇన్‌స్టాగ్రామ్‌లో నా గోడ వేరు, మీ గోడ వేరు. మన ఇద్దరికీ ఉమ్మడిగా కనిపించే గోడ లేదు. కళావిమర్శ అనే ప్రక్రియే సలాన్‌లో అందరూ ఒకే గోడను చూడడం వల్ల పుట్టింది. ఆ గోడ లేనప్పుడు విమర్శకుడు దేని మీద నిలబడి మాట్లాడాలి? నాకు ఈ విషయంలో అన్నిటికంటే బరువైన ప్రశ్న ఇదే.

కుంచెగీత

ముగ్గురికీ కృతజ్ఞతలు. నేను అడిగినదాని కంటే ఎక్కువే దొరికింది. ఇంకొక రెండు సంగతులు అడగాలని ఉంది. ఒక విద్యార్థిని ఇన్‌స్టాగ్రామ్ ఫీడును చేర్యాల పటంతో పోల్చింది. రెండూ నిలువుగా విప్పుకుంటూ పోయేవే, రెండూ గడులుగా ఉండేవే అని ఆమె వాదన. తెలంగాణ ఉదాహరణ కాబట్టి నాకు ప్రోత్సహించాలని ఉంది, కానీ మొదట చెప్పిన రూపసామ్యపు ఇబ్బందే ఇక్కడా ఉందేమోనని సందేహం. రెండవది, సెల్ఫీ గురించి మీరెవరూ మాట్లాడలేదు. అది కావాలనే వదిలేశారా?

పటంచెట్టు

చేర్యాల పటాల గురించి చెప్పగలను. మీ సందేహం సరైనదే, కానీ ఆ అమ్మాయిని ఆపవద్దు, ప్రశ్నను తిప్పి అడగమనండి. చేర్యాల పటం నూలుగుడ్డ మీద గంజి, సుద్ద, చింతగింజల అంబలి, జిగురు పట్టించి, ఎర్రని నేల మీద నకాషీ చిత్రకారులు గీసేది. పొడవైన గుడ్డను అడ్డంగా వరుసలుగా విభజించి, ఒక్కొక్క వరుసలో కథలోని ఒక్కొక్క ఘట్టాన్ని చూపుతారు. కథకుడు పాడుతూ, మాట్లాడుతూ, పటాన్ని ఘట్టం వెంట ఘట్టంగా విప్పుతాడు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం, మాదిగలకు డక్కలివారు జాంబ పురాణం చెప్పినట్టు, ప్రతి పటానికి ఒక కులం శ్రోతలుగా, పోషకులుగా ఉంటుంది.

కాబట్టి పటంలో బొమ్మ ఒంటరిగా పని చేయదు. దాని పక్కన గొంతు ఉంది, కథకు ఆది అంతాలున్నాయి, విప్పే చెయ్యి కథ తెలిసినవాడిది. ఫీడులో చెయ్యి చూసేవాడిదే అయినా తరువాత ఏమి రాబోతోందో అతనికి తెలియదు, దానికి తుది కూడా లేదు. కింద చూపించవలసిన ఘట్టం లేని పటాన్ని ఏ నకాషీ చిత్రకారుడూ గీయడు. ఈ తేడా నుంచి మొదలుపెడితే ఆ వ్యాసం బాగుంటుంది. నిలువుగా విప్పడం అనే ఒక్క లక్షణం మీద నిలబెడితే మాత్రం కూలిపోతుంది.

దక్కనులో ఇంతకంటే దగ్గరి ఉదాహరణ కావాలంటే గోల్కొండ ముఖచిత్రాల ఆల్బములు ఉన్నాయి. 17వ శతాబ్ది చివరి దశాబ్దాలలో అక్కడి చిత్రకారులు సుల్తానుల, మొగలు చక్రవర్తుల, ప్రముఖ అధికారుల ముఖచిత్రాలను ఒకే కొలతలో వరుసలుగా తయారుచేసేవారు. వాటిని యూరోపు వర్తకులు కొనుక్కుపోయేవారు. ఆమ్‌స్టర్‌డామ్ నగరపాలకుడైన నికోలాస్ విట్సెన్ సేకరణలోకి చేరిన అటువంటి ఆల్బం ఒకటి, సుమారు 1686 నాటిది, 49 ముఖచిత్రాలతో రైక్స్‌మ్యూజియంలో ఉంది. మరుసటి సంవత్సరమే గోల్కొండ ఔరంగజేబు వశమైంది. ఆ బొమ్మలు కొన్నవారిలో ఎక్కువమంది ఆ మనుషులను ఎన్నడూ చూసి ఉండరు. ప్రసిద్ధుల ముఖాలను ఒకే చట్రంలో, దూరపు అపరిచితుల కోసం, వరుసగా తయారుచేయడం ఫొటోగ్రఫీతో మొదలుకాలేదని చెప్పడానికి ఇది పనికివస్తుంది. పాత నెగెటివ్ గారి కార్డుల వాదనకు కూడా దీనితో కొంత వెనుకబలం చేకూరుతుంది.

పాత నెగెటివ్

పటంచెట్టు గారూ, ఆ ఆల్బం సంగతి నా వాదనలో చేర్చుకుంటాను, ధన్యవాదాలు. గోడమేకు గారి అభ్యంతరం కూడా న్యాయమైనదే. వరుసను నిర్ణయించే అధికారం ఎవరిదన్నది ఆల్బంకూ ఫీడుకూ మధ్య పెద్ద అగాధం. ఒక్క సవరణ మాత్రం చేస్తాను. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫీడు ఉన్నట్టే ప్రొఫైల్ పేజీ కూడా ఉంది. అక్కడ గడుల వరుసను ఖాతాదారే కడతాడు, రంగులు కలిసేలా ముందే ఎంచి పెడతాడు. ఆల్బం అలవాటు చావలేదు, ఆ పేజీలోకి మారింది.

సెల్ఫీని నేను కావాలనే వదిలాను. దాని మీద రాసినంతగా ఇన్‌స్టాగ్రామ్‌లో మరి దేని మీదా రాయలేదు, కానీ అక్కడి ఫొటోలలో దాని వాటా చిన్నది. డిజిటల్ మాధ్యమాల పరిశోధకుడు లెవ్ మానోవిచ్ బృందం 2014లో వెలువరించిన సెల్ఫీసిటీ అధ్యయనంలో అయిదు నగరాల ఫొటోలను పరిశీలిస్తే, వాటిలో సెల్ఫీలు నూటికి 3 నుంచి 5 దాకా మాత్రమే తేలాయి. రెంబ్రాంట్‌తో పోల్చడం కంటే పార్మిజానీనో 1524లో కుంభాకార దర్పణంలో తనను చూసుకుంటూ గీసిన చిన్న చిత్రంతో పోల్చడం మేలు. అందులో ముందుకు చాచిన చెయ్యి ముఖం కంటే పెద్దదిగా, వంకరగా కనిపిస్తుంది. చెయ్యి చాచి ఫోను పట్టుకున్న ఫొటోలో కనిపించే వికారమే అది. అయితే అతను దానిని తనను తాను తెలుసుకోవడానికి గీయలేదు. రోములో పని దొరకాలని, పోపు ఏడవ క్లెమెంటుకు నైపుణ్యపు నమూనాగా సమర్పించడానికి గీశాడు. కనుక అది సెల్ఫీ కంటే, ప్రచార ఒప్పందాల కోసం పేజీని తీర్చిదిద్దుకునే ఇన్‌ఫ్లుయెన్సరు ఫొటోకు దగ్గర. ఈ రెండో రకాన్ని లోపలి నుంచి చూపిన సమకాలీన కళాకృతి కూడా ఉంది. అమాలియా ఉల్మాన్ అనే కళాకారిణి 2014లో కొన్ని నెలలపాటు ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక కల్పిత జీవితాన్ని నిజమని నమ్మించేలా ఫొటోలు పెట్టి, తరువాత అది ప్రదర్శన అని వెల్లడించింది. 2016లో లండనులోని టేట్ మోడర్న్ దానిని ప్రదర్శించింది.

చివరిగా ఒక ఆచరణ సంగతి. విద్యార్థులు ఇన్‌స్టాగ్రామ్ నుంచి ఉదాహరణ తీసుకుంటే, ఆ తెరను ఏ రోజు, ఎవరి ఖాతాలోంచి చూశారో, దానికి ముందూ వెనుకా ఏ ఫొటోలు వచ్చాయో రాసుకోమనండి. రేపటికి ఆ వరుస ఉండదు, గోడమేకు గారు చెప్పిన గోడ విషయం దాని ఆధారంగానే రాయగలరు. అపరిచితుల ఫొటోలను వ్యాసంలో అతికించే ముందు అనుమతి తీసుకోవడం అవసరం. అమెరికా కళాకారుడు రిచర్డ్ ప్రిన్స్ 2014లో ఇతరుల ఇన్‌స్టాగ్రామ్ పోస్టులను పెద్ద కాన్వాసుల మీద ముద్రించి న్యూయార్క్‌లో ప్రదర్శించినప్పుడు, అసలు ఫొటోలు తీసినవారు కొందరు కోర్టుకు వెళ్లారు, ఆ వ్యాజ్యాలు 2024 దాకా నడిచాయి. అనుమతి దొరకకపోతే ఫొటో పెట్టకుండా, చదివేవాడి కళ్లకు కట్టేలా దానిని మాటలలో వర్ణించమనండి. ఫొటోలు అచ్చువేయడం సాధ్యం కాని రోజులలో కళాచరిత్రకారులు ఎక్కువగా చేసిన పని అదే కదా.